ఒసాకాలో రైళ్ల గందరగోళం: జేఆర్ పాస్ కొనాలా, మామూలు కార్డు చాలా?

బెజవాడ_భార్గవి

అందరికీ నమస్కారం. మార్చి చివర్లో జపాన్ వెళ్తున్నాం. టోక్యో జోలికి పోవడం లేదు, మకాం అంతా ఒసాకాలోనే. నేను, మావారు, అత్తయ్యగారు, మా బుడ్డోడు. హోటల్ నంబాలో తీసుకున్నాం. అక్కడి నుంచే క్యోటో, నారా, యూనివర్సల్ స్టూడియోస్, ఒసాకా కోట చూసి రావాలని ప్లాన్.

నా టెన్షన్ అంతా రైళ్ల గురించే. మ్యాపు తెరిస్తే సంక్రాంతి ముగ్గులా ఉంది, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియట్లేదు. నంబా అని వెతికితే ఒకటికి నాలుగు స్టేషన్లు వస్తున్నాయి. మా ట్రావెల్ ఏజెంటేమో జేఆర్ పాస్ (జపాన్ రైల్వేస్ అనే కంపెనీ వాళ్ల పాస్) తీసుకుంటే ఇక దేనికీ టికెట్ కొననక్కర్లేదు అంటున్నాడు. తలకు 50 వేల యెన్లట! అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

సీమ_శీను

అక్కా, నన్నడిగితే పాస్ తీసుకోమనే చెప్తా. మేం తీసుకున్నాం. గేటులో పెట్టడం, తీసుకోవడం, పోతా ఉండడం. టికెట్ మిషన్ ముందర నిలబడి జపాన్ అక్షరాలు చూసి తల పట్టుకునే పనే లేదు. డబ్బు పోతే పోనీ, మనశ్శాంతి ఉంటుంది.

కోబే_వాసి

శీను గారూ, మీరు ఏయే ఊళ్లు తిరిగారో చెప్పకుండా పాస్ కొనమంటే ఎలా? ఏడు రోజుల పాస్ 2023 అక్టోబరు దాకా 29,650 యెన్లు ఉండేది, అప్పుడు ఒక్కసారిగా 50,000 చేశారు. టోక్యో నుంచి ఒసాకాకు బుల్లెట్ రైల్లో ఒకవైపు 14 వేల పైచిలుకు. అంటే టోక్యో వెళ్లొచ్చినా 30 వేలు దాటదు. ఒసాకాలోనే ఉండి క్యోటో, నారా చూసేవాళ్లకు ఆ పాస్ శుద్ధ దండగ.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఏజెంట్ చెప్పనిది ఇంకొకటుంది. జేఆర్ అన్నది ఇక్కడ తిరిగే కంపెనీల్లో ఒకటి మాత్రమే. ఒసాకా మెట్రో వేరు, నాన్‌కై వేరు, హాన్‌క్యూ వేరు, హాన్‌షిన్ వేరు, కింటెట్సు వేరు, కెయిహాన్ వేరు. ఎవరి పట్టాలు వాళ్లవి, ఎవరి గేట్లు వాళ్లవి, ఎవరి టికెట్ వాళ్లది. జేఆర్ పాస్ వీటిలో దేనికీ పనికిరాదు. భార్గవి గారి హోటల్ నంబాలో. అక్కడ తిరిగే రైళ్లలో ఎక్కువ జేఆర్‌వి కానే కావు. జేఆర్ నంబా అని ఒక స్టేషన్ ఉంది గానీ అది ఓ మూలకు ఉంటుంది.

ఒసాకాలో దారి తెలియాలంటే ముందు స్టేషన్ పేరు చూడకండి, ఏ కంపెనీయో చూడండి. మీకు నాలుగు నంబాలు కనబడ్డాయంటే కారణం అదే.

సీమ_శీను

మేం టోక్యో, హిరోషిమా అన్నీ తిరిగినాం సార్, అది కూడా పాత ధరకే. అట్ల తిరిగేవాళ్లకు పాస్ బాగుంటుందనే నా మాట. ఒసాకా ఒక్కటే అయితే మీరు చెప్పిందే కానీయండి.

లెక్కల_మాస్టారు

ఐసీ కార్డు తీసుకోండమ్మా. అక్కడి కార్డు పేరు ఇకోకా. 2,000 యెన్లు కడితే 500 డిపాజిట్, 1,500 వాడుకోవడానికి. గేటుకు తాకించి లోపలికి, తాకించి బయటికి. పైన కోబే_వాసి గారు చెప్పిన కంపెనీలన్నింటికీ ఇదొక్కటే పనిచేస్తుంది. దుకాణాల్లో, వెండింగ్ మిషన్లలో కూడా చెల్లుతుంది. టోక్యో సుయికా ఎవరైనా ఇచ్చినా పర్వాలేదు, 2013 నుంచి ఈ పెద్ద కార్డులన్నీ ఒకదాని ఊళ్లో ఒకటి చెల్లుతున్నాయి.

కార్డు వెనక్కి ఇచ్చేస్తే డిపాజిట్ వస్తుంది. కాకపోతే మిగిలిన డబ్బులోంచి 220 యెన్లు ఫీజు పట్టుకుంటారు. అందుకే చివరి రోజు విమానాశ్రయంలో ఆ మిగిలిందంతా కాఫీకో బిస్కట్లకో ఖర్చుపెట్టి, ఖాళీ కార్డు ఇవ్వండి. బ్యాలెన్స్ సున్నా అయితే ఫీజు పట్టుకోరు, 500 పూర్తిగా చేతికొస్తుంది. ఇకోకా వాపసు తీసుకునేది జేఆర్ వెస్ట్ (ఒసాకా వైపు జేఆర్ రైళ్లు నడిపే కంపెనీ) స్టేషన్లలోనే, మెట్రో కౌంటర్‌లో అడిగితే లాభం లేదు.

ఇక మెట్రో ఒకరోజు పాస్. పేరు ఎంజాయ్ ఎకో కార్డు. మామూలు రోజుల్లో 820, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో 620. నంబా నుంచి ఉమెదాకు మెట్రో టికెట్ 240. అలాంటి ప్రయాణాలు సెలవు రోజున మూడు చేస్తే పాస్ డబ్బు వచ్చేసినట్టే, మామూలు రోజున నాలుగు చేయాలి. క్యోటో, నారా వెళ్లే రోజు కొనకండి, అక్కడ చెల్లదు.

వరంగల్_విహారి

కార్డు ఎందుకన్నా, కాగితం టికెట్ చాలు. మిషన్ పైన ఛార్జీల పటం ఉంటది, మిషన్‌లో ఇంగ్లిష్ బటన్ ఉంటది. ఎంత పడుతదో అర్థం కాకపోతే అన్నిటికన్నా తక్కువ టికెట్ తీసుకుని ఎక్కుడే. దిగినంక గేటు లోపలనే ఇంకో మిషన్ ఉంటది, దాంట్ల టికెట్ పెడితే తక్కువైన పైసలు అడుగుతది, కట్టి బయటికి రావాలె. ఫైన్ గీన్ ఏం లేదు. మన దగ్గర టీసీ కనబడితే గుండె ఆగినంత పనైతది, ఆడ ఆ భయమే లేదు.

అత్తిలి_అమ్మాయి

విహారి గారూ, ఒక్కరైతే సరే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, చిన్నపిల్లాడితో ప్రతిసారీ మిషన్ ముందు నిలబడాలంటే కష్టం కదండీ. కార్డే నయం. (నేను ఒసాకాలో చదువుకుంటున్నాను.)

భార్గవి గారూ, మీది ఐఫోన్ అయితే కార్డు కూడా అక్కర్లేదు, వాలెట్‌లోనే ఇకోకా పెట్టుకోవచ్చు. ఐఫోన్ 8 తర్వాతివన్నీ పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ మాత్రం జపాన్‌లో కొన్నదైతేనే, ఇండియాలో కొన్నవాటిలో ఆ సదుపాయం ఉండదు. ఇంకో మార్గం, 2024 అక్టోబరు చివరి నుంచి ఒసాకా మెట్రో, హాన్‌క్యూ, హాన్‌షిన్, కింటెట్సు గేట్లలో వీసా కార్డు నేరుగా తాకించి వెళ్లొచ్చు. నాన్‌కైలో అంతకుముందు నుంచే ఉంది. అందుకోసం ప్రత్యేకంగా ఒక గేటు ఉంటుంది, అన్నింట్లో తాకిస్తే తెరుచుకోవు. మన బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, ట్యాప్ పేమెంట్ రెండూ ఆన్ చేసుకుని బయలుదేరండి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. జేఆర్ వెస్ట్ గేట్లలో ఇది పనిచేయదు కాబట్టి దీని మీదే ఆధారపడొద్దు.

బెజవాడ_భార్గవి

అబ్బ, ఒక్క పూటలో ఇన్ని సంగతులు! పాస్ ఆలోచన మానేశాం, ఏజెంట్‌కి కూడా చెప్పేశా. కార్డులే తీసుకుంటాం. మరి విమానాశ్రయం నుంచి నంబాకు ఎలా? హరుకా అని ఒక రైలు బాగుంటుందని యూట్యూబ్‌లో చూశాను. బొమ్మలతో ముద్దుగా ఉంది, మావాడు అదే కావాలంటున్నాడు.

కోబే_వాసి

హరుకా జేఆర్‌ది. అది నంబా రాదు. టెన్నోజి, ఒసాకా, షిన్-ఒసాకా మీదుగా క్యోటో వెళ్తుంది. ఒసాకా స్టేషన్లో ఆగడం కూడా 2023 మార్చిలో భూగర్భ ప్లాట్‌ఫాంలు తెరిచాక మొదలైందే. క్యోటోలో దిగేవాళ్లకు అది బంగారం. నంబా హోటల్‌కు మాత్రం నాన్‌కై ఎక్కండి. కన్సాయ్ విమానాశ్రయం స్టేషన్లో జేఆర్ గేట్లు, నాన్‌కై గేట్లు పక్కపక్కనే ఉంటాయి. అలసటలో ఎదురుగా కనబడిన గేట్లోకి దూరిపోకండి.

నాన్‌కైలో రెండు రకాలు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అయితే 970 యెన్లు, ముప్పావు గంట. మెట్రో రైల్లా పక్కలకు సీట్లు, రద్దీ వేళ నిలబడాల్సి రావచ్చు. రెండోది రాపిట్, ముదురు నీలం రంగు, ముందు భాగం ఇనుప శిరస్త్రాణం తొడిగినట్టుంటుంది, గుండ్రటి కిటికీలు. అన్నీ రిజర్వ్ సీట్లే, అదనంగా కట్టాలి. సమయం ఓ ఐదారు నిమిషాలే కలిసొస్తుంది గానీ సామాను పెట్టుకునే చోటుంది, అత్తయ్యగారికి సీటు ఖాయం. మీ అబ్బాయికి దాన్ని చూపించండి, హరుకా ఊసే ఎత్తడు.

సీమ_శీను

విమానాశ్రయం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. తిరిగి వచ్చేటప్పుడు జేఆర్‌లో రావాల్సి వస్తే హినేనో దగ్గర జాగ్రత్త. ఒసాకా నుంచి ఎనిమిది పెట్టెలతో వస్తుంది, హినేనోలో దాన్ని రెండు ముక్కలు చేస్తారు. 1 నుంచి 4 పెట్టెలు విమానాశ్రయానికి, 5 నుంచి 8 వకయామాకు. మా మిత్రుడొకాయన హాయిగా ఏడో పెట్టెలో కూర్చుని నిద్రపోయినాడు. పాపం, ఆయన సూట్‌కేసు, ఆయన వకయామా దారి పట్టినారు. వెనక్కొచ్చి విమానం అందుకున్నాడనుకోండి, కానీ పరిగెత్తిన తీరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

కోబే_వాసి

నిజం. పెట్టె మీద, లోపల తెర మీద ఎక్కడికో ఇంగ్లిష్‌లోనే రాసి ఉంటుంది, ఎక్కేటప్పుడు ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఇలాంటిదే ఒసాకా లూప్ లైన్. నగరం చుట్టూ తిరిగే 19 స్టేషన్ల జేఆర్ లైన్ అది. పేరు చూసి ఏది ఎక్కినా చుట్టి వస్తుందనుకుంటారు. నారా వెళ్లే యమతోజి ర్యాపిడ్, విమానాశ్రయం ర్యాపిడ్ కూడా సగం చుట్టు అవే పట్టాల మీద తిరిగి, టెన్నోజి దగ్గర పక్కకు తప్పుకుని తమ దారిన పోతాయి. పైగా ర్యాపిడ్‌లు మధ్యలో కొన్ని చిన్న స్టేషన్లలో ఆగవు. నారింజ రంగు గీత రైలే కావాలి, లేదా బోర్డు మీద లూప్ లైన్ అని ఉండాలి.

బెజవాడ_భార్గవి

యూనివర్సల్ స్టూడియోస్‌కు గూగుల్ ఒకసారి ఉమెదా మీదుగా, ఒకసారి ఇంకెటో చూపిస్తోంది. అసలు ఉమెదా, ఒసాకా రెండూ ఒకటేనా?

అత్తిలి_అమ్మాయి

ఉమెదా గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఒసాకాలో ఎవరైనా తప్పిపోయేది అక్కడే.

జేఆర్ స్టేషన్ పేరు ఒసాకా. దాని చుట్టుపక్కల మిగతా కంపెనీల స్టేషన్లన్నీ ఉమెదా. హాన్‌క్యూ, హాన్‌షిన్ వాళ్లు 2019లో తమ స్టేషన్ల పేరు ఒసాకా-ఉమెదా అని మార్చుకున్నారు. మెట్రోకు అక్కడే మూడు స్టేషన్లున్నాయి: ఎర్ర రంగు మిడోసుజి లైన్‌కు ఉమెదా, ఊదా రంగు టనిమచికి హిగాషి-ఉమెదా, నీలం రంగు యొత్సుబాషికి నిషి-ఉమెదా. ఇవి గాక జేఆర్‌దే కిటషించి అని ఇంకోటి. అన్నింటినీ కలుపుతూ భూగర్భంలో దుకాణాల వీధులు. కింద ఫోన్‌లో నీలం చుక్క ఎటో తిరుగుతూ ఉంటుంది, మ్యాపును నమ్మలేం. తల పైకెత్తి బోర్డులు చూడడమే దారి. లైన్ రంగు, అక్షరం చూసి నడవండి. మిడోసుజి అంటే ఎర్ర వలయంలో ఇంగ్లిష్ ఎం. నంబా ఎం 20, ఉమెదా ఎం 16, షిన్-ఒసాకా ఎం 13. జపాన్ అక్షరాలు రాకపోయినా ఆ అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూస్తే సరైన దిక్కు వెళ్తున్నామో లేదో తెలిసిపోతుంది.

మెట్రో మూడు ఉమెదాల మధ్య మారాలంటే గేటు దాటి బయటికొచ్చి నడవాలి. కంగారుపడి మళ్లీ డబ్బు పోయిందనుకోకండి, 30 నిమిషాల్లోపు రెండో గేటు దాటితే ఒకే ప్రయాణం కింద లెక్కేస్తారు. అలాగని మధ్యలో షాపింగ్‌కు ఆగితే రెండోసారి కట్టాల్సిందే.

అయితే యూనివర్సల్‌కు మీరు ఉమెదా వెళ్లనే అక్కర్లేదు! ఒసాకా-నంబా స్టేషన్లో హాన్‌షిన్ రైలెక్కి నిషికుజోలో దిగండి. అక్కడ గేటు దాటి జేఆర్ నిషికుజోలోకి వెళ్లి యుమెసాకి లైన్ పట్టుకుంటే యూనివర్సల్ సిటీ. పొద్దున పార్కు తెరిచే వేళకు అందరూ ఒసాకా స్టేషన్ మీదుగా వస్తారు, మీరు ఆ రద్దీ తప్పించుకున్నట్టవుతుంది.

లెక్కల_మాస్టారు

అదే ఒసాకా-నంబా నుంచే నారాకు కూడా వెళ్లొచ్చు, ఎదుటి దిక్కు రైలు. హాన్‌షిన్, కింటెట్సు పట్టాలు అక్కడ కలుస్తాయి. కింటెట్సు ర్యాపిడ్ ఎక్స్‌ప్రెస్‌కు అదనపు ఛార్జీ లేదు, 40 నిమిషాల్లో నారా. కింటెట్సు నారా స్టేషన్ నుంచి జింకల పార్కు దగ్గర, జేఆర్ నారా నుంచి అయితే ఎక్కువ నడవాలి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఇక్కడ రెండో ఆలోచన వద్దు.

వరంగల్_విహారి

క్యోటోకు జేఆర్ షిన్‌కైసోకు అనే తొందరగ పోయే రైలు ఎక్కుండ్రి, అరగంటల పడేస్తది. బుల్లెట్ రైల్లో పదిహేను నిమిషాలే అంటరు గానీ షిన్-ఒసాకా దాకా పోవుడు, ఎక్కుడు కలిపితే మిగిలేదేం లేదు, పైసలు రెండింతల పైన.

కోబే_వాసి

విహారి గారి మాట ఒసాకా స్టేషన్ దగ్గర ఉండేవాళ్లకు సరైనది. నంబా నుంచి, అదీ క్యోటోలో గియోన్, ఫుషిమి ఇనారి వైపు వెళ్లాలంటే నేను కెయిహాన్ అంటాను. మిడోసుజిలో యొడొయాబాషి దాకా వచ్చి అక్కడ మారండి. కెయిహాన్ రైలు బయలుదేరేదే అక్కడి నుంచి, కాబట్టి సీటు దొరుకుతుంది. 8000 సిరీస్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక డబుల్ డెక్కర్ పెట్టె ఉంటుంది, దానికి అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. ప్రీమియం పెట్టెకు మాత్రం కట్టాలి. జేఆర్‌లో క్యోటో స్టేషన్లో దిగితే గియోన్‌కు మళ్లీ బస్సు పట్టాలి, సీజన్‌లో ఆ బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు.

ఎక్స్‌ప్రెస్‌ల విషయంలో కంపెనీకో పద్ధతి. జేఆర్‌లో, నాన్‌కైలో రాపిట్ లాంటి వాటిలో, కింటెట్సులో ‘లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్’ అంటే అదనపు టికెట్ ఉండాలి. హాన్‌క్యూ, హాన్‌షిన్, కెయిహాన్‌లలో మామూలు సీట్లకు అదే పేరున్న రైలు మామూలు ఛార్జీకే. కార్డు తాకించి లోపలికి రాగలిగాం కదా అని కింటెట్సు లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే కండక్టర్ వచ్చి మర్యాదగా వంగి నమస్కరించి మరీ డబ్బు వసూలు చేస్తాడు.

సీమ_శీను

వంగి నమస్కరించి వసూలు చేస్తే ఇవ్వబుద్ధి అవుతుంది లెండి.

బెజవాడ_భార్గవి

😀 మరి మెట్లు? మావారు రైల్లో ఒక పెట్టె ఆడవాళ్లకు మాత్రమే ఉంటుందని ఎక్కడో చదివారు, భయపడుతున్నారు.

అత్తిలి_అమ్మాయి

మీవారి భయం సరైనదే. మిడోసుజిలో వారపు రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆరో పెట్టె మహిళలకే. జేఆర్ లూప్ లైన్‌లో సెలవు రోజుల్లో కూడా ఉంటుంది. ప్లాట్‌ఫాం నేల మీద గులాబీ రంగులో గుర్తు ఉంటుంది. ఎవరూ అరవరు, కొట్లాడరు, అందరూ అలా చూస్తారు, అంతే. మా నాన్నగారు ఆ చూపులన్నీ తన పంచెకట్టు మీదనుకున్నారు, రెండు స్టేషన్ల దాకా మురిసిపోయారు. చిన్నపిల్లలు అమ్మతో ఎక్కొచ్చు.

లిఫ్టులు ఉంటాయండి, కానీ స్టేషన్‌కు ఒక మూలన ఉంటాయి. మీకు దగ్గరైన బయటిదారికి లిఫ్టు ఉండకపోవచ్చు. అందుకే హోటల్‌కు దగ్గరున్న నంబర్ గాక, లిఫ్టు ఉన్న బయటిదారి నంబర్ ముందే చూసి రాసుకోండి. డోటొన్‌బోరికైతే నంబాలో 14వ దారి దగ్గర, కానీ అత్తయ్యగారితో వెళ్లేటప్పుడు లిఫ్టు వెతుక్కోండి. నాన్‌కై ప్లాట్‌ఫాంలు పై అంతస్తులో, మెట్రో భూగర్భంలో, ఆ మధ్య నడకే బాగా ఉంటుంది. పెద్ద సూట్‌కేసులుంటే విమానాశ్రయం నుంచే కొరియర్‌లో హోటల్‌కు పంపించేయండి, సాధారణంగా మర్నాటికి వచ్చేస్తాయి. ఒక రాత్రికి సరిపడా బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య మిడోసుజి ఎక్కడం మానుకుంటే మంచిది.

ఎస్కలేటర్ మీద ఒసాకాలో కుడివైపు నిలబడతారు.

వరంగల్_విహారి

టోక్యోల ఎడమదిక్కు నిలబడుతరు. రెండూర్లు చూసినోళ్లకు చివరికి కాళ్లు ఎటు పెట్టాల్నో మతికుండదు.

బెజవాడ_భార్గవి

చివరి ప్రశ్నలు, విసుక్కోకండి. మావాడికి పోయిన నెలే ఆరు నిండాయి. టికెట్ తీసుకోవాలా? రైల్లో పులిహోర తినొచ్చా? రాత్రి ఎన్నింటి దాకా రైళ్లుంటాయి?

లెక్కల_మాస్టారు

ఆరేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉచితం, ఒక పెద్దకు ఇద్దరు. ఆరు నుంచి పదకొండు దాకా సగం. మీవాడికి పిల్లల ఇకోకా తీసుకోండి. మిషన్‌లో రాదు, కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించాలి. దాన్ని తాకిస్తే గేటు పిట్ట కూతలా కూస్తుంది, వాడు కావాలని ప్రతి గేటూ దాటుతానంటాడు. వీసా కార్డు తాకిస్తే మాత్రం పిల్లలకు కూడా పెద్దల ఛార్జీ పడుతుంది, గుర్తుంచుకోండి.

అత్తిలి_అమ్మాయి

పులిహోర మెట్రోలో, లూప్ లైన్‌లో వద్దండీ, నిషేధమని కాదు, ఎవరూ తినరు, ఇంగువ వాసనకు పెట్టంతా తిరిగి చూస్తుంది. బుల్లెట్ రైల్లో, రాపిట్ లాంటి రిజర్వ్ సీట్ల రైళ్లలో నిక్షేపంగా తినొచ్చు. ఫోన్ మాట్లాడడం ఎక్కడా చేయరు. అత్తయ్యగారు వీడియో కాల్ ప్రియులైతే ముందే చెప్పి ఉంచండి.

కోబే_వాసి

రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి, మళ్లీ తెల్లవారుజామున ఐదు దాటాకే. తిరుగు విమానం ఎన్నింటికో చెప్పండి, నాన్‌కై మొదటి బండి సరిపోతుందో లేదో చూసి చెప్తాను.

బెజవాడ_భార్గవి

ఉదయం 10:40కి.

కోబే_వాసి

అయితే మొదటి బండి కూడా అక్కర్లేదు. ఆరున్నర ప్రాంతంలో నంబాలో ఎక్కితే సుఖంగా సరిపోతుంది. సకురా (చెర్రీ పూలు) పూసే సమయానికి వస్తున్నారు కాబట్టి, ఒక సాయంత్రం లూప్ లైన్‌లో సకురానోమియాలో దిగి నది గట్టున నడవండి, స్టేషన్ పక్కనే. టికెట్ తప్ప వేరే ఖర్చు లేదు.

సీమ_శీను

అక్కా, ఫొటోలు ఇక్కడే పెట్టాల. రాపిట్ ముందర మీ బుడ్డోడు నిలబడింది మొదలు.